కానుక సరే, కూలి మాటేమిటి?

క్రిస్మస్ కథల్ని మన విమర్శకులు పెద్దగా పట్టించుకోరు. పిల్లల కథలనో, మతప్రచారమనో, పండుగ సంచికల్లో పేజీలు నింపే సరుకనో ఒక మాట అనేసి పక్కన పెడతారు. కానీ మాల మాదిగ వాడల్లో పుట్టి చదువుకున్న చాలామందికి కథ మొదట పరిచయమైంది ఈ రూపంలోనే. సండేస్కూల్లో విన్నాం. డిసెంబరు నెలలో పందిరి కింద నాటికలుగా వేశాం. పై తరగతులకొచ్చాక ఇంగ్లీషు వాచకాల్లో పాఠాలుగా చదివాం. విని ఏడ్చాం, చివరికి అంతా మంచే జరిగినందుకు సంతోషపడ్డాం. ఆ కథలు మన గుండెల్ని వెచ్చబరిచిన మాట నిజం. ఆ మంటకు కట్టెలు ఎవరు కొట్టుకొచ్చారన్నదే మా ప్రశ్న.

మా వాదన సూటిగా చెబుతాం. హృదయాన్ని కరిగించే క్రిస్మస్ కథల్లో ఎక్కువ భాగం కూలి ప్రశ్నను కానుక ప్రశ్నగా మార్చేస్తాయి. హక్కుగా రావలసింది దయగా వస్తుంది. ఇచ్చినవాడు మారిన మనిషి అవుతాడు, పుచ్చుకున్నవాడు కృతజ్ఞుడవుతాడు, చదివినవాడు కళ్లు తుడుచుకుంటాడు. పాత లెక్క మాత్రం తేలకుండానే కథ అయిపోతుంది. అయితే ఈ సంప్రదాయంలోని గట్టి రచయితలు ఆ లెక్కను పూర్తిగా చెరిపెయ్యలేదు. ఎక్కడో ఒకచోట అంకెల్లోనే రాసిపెట్టారు. ఆ అంకెల్ని వెతికి చదవడం మన పని.

పదిహేను షిల్లింగుల గుమాస్తా

ఈ కథలన్నిటికీ మూలపురుషుడు చార్లెస్ డికెన్స్. ఆయన 'ఎ క్రిస్మస్ కేరల్' 1843 డిసెంబరు 19న లండన్‌లో వెలువడింది. తొలి ముద్రణ ఆరువేల ప్రతులూ పండుగ ముందురోజుకే అమ్ముడుపోయాయి. దాని వెనక ఉన్నది వట్టి పండుగ సరదా కాదు. గనుల్లో, కార్ఖానాల్లో పనిచేసే పిల్లల దుస్థితి మీద ప్రభుత్వ కమిషన్ ఇచ్చిన నివేదిక చదివి డికెన్స్ చలించిపోయాడు. పేదవాడి బిడ్డ తరఫున ఒక కరపత్రం రాయాలనుకున్నాడు. తర్వాత మనసు మార్చుకుని, కరపత్రం కన్నా కథ దెబ్బ గట్టిగా తగులుతుందని ఈ పుస్తకం రాశాడు. అంటే ఈ ప్రక్రియ పుట్టుకలోనే ఒక మలుపు ఉంది. ప్రభుత్వాన్నీ యజమానులనూ నిలదీయాల్సిన విషయం, ఒక పిసినారి గుండె కరగడంగా మారింది.

కథ అందరికీ తెలిసిందే. స్క్రూజ్ అనే పిసినారి వ్యాపారి దగ్గర బాబ్ క్రాచిట్ గుమాస్తా. వారానికి పదిహేను షిల్లింగుల జీతం. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే కొవ్వొత్తి దగ్గర కాచుకుంటాడు. క్రిస్మస్ రోజున జీతంతో సెలవు ఇవ్వాలంటే, పని చెయ్యని రోజుకు కూలి ఇవ్వడం తన జేబు కొట్టడమేనని స్క్రూజ్ గొణుగుతాడు. మన ఊళ్లలో ఆసాములు ఇదే మాట ఎన్నిసార్లు అనలేదు! పాలేరు జ్వరంతో పడుకున్న రోజునీ లెక్కలో కోసిన చరిత్ర మనది. అందుకే స్క్రూజ్ మనకు పరాయివాడిలా అనిపించడు.

ఈ కథలో అందరూ టైనీ టిమ్ గురించి మాట్లాడతారు. మేము మాత్రం వాడి తల్లి దగ్గర ఆగుతున్నాం. పండుగ భోజనం దగ్గర బాబ్ తన యజమాని పేరు చెప్పి, ఈ విందుకు కారకుడు ఆయనేనంటూ గ్లాసు ఎత్తుతాడు. భార్య మండిపడుతుంది. ఆ మనిషే ఇక్కడుంటే నాలుగు మాటలు వడ్డించేదాన్నంటుంది. బాబ్ ఆమెకు పిల్లలున్నారని, ఇవాళ క్రిస్మస్ అని గుర్తుచేస్తాడు. ఆమె తగ్గి, భర్త కోసం, పండుగ కోసం తాగుతానంటుంది. ఈ చిన్న ఘట్టాన్ని దాటి పోకూడదు. ఆ ఇంట్లో అన్యాయాన్ని అన్యాయమని చెప్పిన గొంతు ఒక్కటే. దాన్ని అణచడానికి వాడిన మాట 'పండుగ'. మన ఇళ్లలోనూ ఆడవాళ్లు కూలి గురించి నోరెత్తినప్పుడు ఇదే జరుగుతుంది: పండగపూట ఎందుకే గొడవ!

డికెన్స్‌కు ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. ఆయన టర్కీ కోడి పంపించడంతో కథ ముగించలేదు. మర్నాడు స్క్రూజ్ గుమాస్తా జీతం పెంచుతాడు. పశ్చాత్తాపానికి కొలత జీతమేనని ఆయనకు తెలుసు. కానీ ఆ పెంపు ఎవరూ అడిగింది కాదు. దయ్యాలొచ్చి భయపెడితే వచ్చింది. మళ్లీ దయ్యాలు రాకపోతే ఏం గతి? ఆ తర్వాత ఈ మూసలో పోతపోసిన కథల్లో కానుక మిగిలింది, జీతం జారిపోయింది. ఇంకో అంకె కూడా చెప్పాలి. ఆ పుస్తకం వెల అయిదు షిల్లింగులు. బాబ్ వారం జీతంలో మూడోవంతు. తన కథ తాను కొనుక్కోవాలంటే బాబ్ రెండు రోజుల కష్టం పెట్టాలి. ఏడిపించింది ఎవరి గురించో, ఏడ్చింది ఎవరో దీన్నిబట్టే తెలుస్తుంది.

జుట్టు అమ్మిన భార్య

ఓ హెన్రీ 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై' 1905లో న్యూయార్క్ పత్రికలో వచ్చింది. ఇక్కడ పై నుంచి దయ చూపే యజమాని లేడు. ఉన్నది ఇద్దరు పేద దంపతులు. డెల్లా దగ్గర ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లే ఉన్నాయి. పొడవాటి జుట్టు ఇరవై డాలర్లకు అమ్మి భర్త గడియారానికి గొలుసు కొంటుంది. అతను ఆ గడియారమే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు తెస్తాడు. కానుకలు రెండూ పనికిరాకుండా పోతాయి, ప్రేమ మిగులుతుంది. ఈ కథ మాకిష్టమే. పేదవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. తలవంచి పుచ్చుకోవడం ఎవరికీ లేదు.

కానీ క్లాసులో ఈ పాఠం చెప్పే మాస్టార్లు ఎక్కువమంది ఒక వాక్యం దగ్గర ఆగరు. జిమ్ జీతం వారానికి ముప్ఫై డాలర్ల నుంచి ఇరవైకి పడిపోయింది. అద్దె మాత్రం వారానికి ఎనిమిది. అతనికి కొత్త చలికోటు అవసరం, చేతి తొడుగులు లేవు. డెల్లా తల మీద జుట్టు ఖరీదు, జిమ్‌కు తగ్గిపోయిన జీతంలో సరిగ్గా రెండు వారాల మొత్తం. ఎవరు తగ్గించారు, ఎందుకు తగ్గించారు? కథ చెప్పదు. కోత పెట్టిన చెయ్యి కథలో కనపడదు. భరించిన ఇద్దరి త్యాగమే కనపడుతుంది. త్యాగాన్ని పొగిడినంతసేపు కోత గురించి అడగం. వ్యాసం రాయమంటే పిల్లలు ప్రేమ గొప్పతనం గురించి రాస్తారు. జీతం కోత గురించి రాయమని మాస్టారు చెప్పరు.

చిరునామా లేని ఉత్తరం

చెకోవ్ 'వాంకా' 1886 క్రిస్మస్‌కు పీటర్స్‌బర్గ్ పత్రికలో అచ్చయింది. చెప్పులు కుట్టే వృత్తితో పుట్టుక నుంచి ముడిపడ్డ మన పాఠకులు ఈ కథను ప్రత్యేకంగా చదవాలి. వాంకాకు తొమ్మిదేళ్లు. మాస్కోలో ఒక చెప్పుల తయారీదారు దగ్గర పని నేర్చుకునే కుర్రాడుగా పెట్టారు. పండుగ ముందురాత్రి యజమానులు చర్చికి పోయిన సమయం చూసి పల్లెలో ఉన్న తాతకు ఉత్తరం రాస్తాడు. పసిబిడ్డను ఊపుతూ నిద్రపోయినందుకు కొట్టారంటాడు. చేపను తోక దగ్గర నుంచి శుభ్రం చేసినందుకు యజమానురాలు ఆ చేప మూతితోనే తన ముఖం మీద పొడిచిందంటాడు. పొద్దున రొట్టె, మధ్యాహ్నం జావ, రాత్రి మళ్లీ రొట్టె అంటాడు. వచ్చి తీసుకుపొమ్మని బతిమాలతాడు. కవరు మీద పల్లెలోని తాతకు అని రాసి పోస్టుడబ్బాలో వేస్తాడు. ఉత్తరం చేరదని మనకు తెలుసు, వాడికి తెలియదు.

ఇందులో మంచిమనసున్న ఒక దొరసాని కూడా ఉంది. వాంకా తల్లి ఆ దొరల ఇంట్లో పనిమనిషిగా ఉన్నన్నాళ్లూ ఆ యువతి వాడికి మిఠాయిలిచ్చింది, చదవడం రాయడం నేర్పింది. తల్లి చనిపోగానే వాడు పనివాళ్ల వంటింటికి, అక్కడి నుంచి మాస్కో చెప్పుల కొట్టుకు చేరాడు. దయ ఉంది, నిజమైన దయే. కాని దానికి గడువుంది. తల్లి చాకిరీ ఆగిన రోజున ఆ దయా ఆగింది. ఆ దొరసాని నేర్పిన అక్షరాలతోనే వాడు ఈ ఉత్తరం రాస్తున్నాడు. చెకోవ్ ఎవర్నీ తిట్టడు, ఎవర్నీ మార్చడు. తాత తండ్రులు అర్ధబానిసలుగా బతికిన ఇంటి నుంచి వచ్చిన రచయితకు ఆ తియ్యటి ముగింపు మీద నమ్మకం ఉండకపోవడంలో వింతేముంది?

చిరునామా లేని ఉత్తరం చదివినప్పుడు మనకు జాషువా 'గబ్బిలం' గుర్తొస్తుంది. 1941లో వచ్చిన ఆ కావ్యంలో గుడిలోకి పోలేని అరుంధతీసుతుడు గబ్బిలంతో శివుడికి కబురంపుతాడు. అక్కడా చెప్పుకునేవాడు తోలుపనివాళ్ల బిడ్డే. అయితే వాంకా తీసుకుపొమ్మని వేడుకుంటాడు. జాషువా కథానాయకుడు ఈ అన్యాయం ఏమిటని నిలదీస్తాడు. వేడుకోలుకీ నిలదీతకీ మధ్య దూరాన్ని కొలవడమే ఈ వ్యాసమంతటా మేము చేస్తున్న పని.

ఆ రోజుల్లో రష్యన్ పత్రికల్లో పండుగ కథ అంటే మంచులో గడ్డకట్టి చనిపోయే పేదపిల్ల తప్పనిసరి సరుకైపోయింది. దీన్ని ఎగతాళి చేస్తూ గోర్కీ 1894లో చలికి చచ్చిపోని ఒక పిల్లాడూ పిల్లా కథ రాశాడు. పండుగ ముందురోజు వీధుల్లో అడుక్కున్న పిల్లలిద్దరూ ఒక హోటల్లో కూర్చుని వేడివేడిగా తింటారు, అంతే. పాఠకుడి కన్నీళ్ల కోసం పేదపిల్లల్ని చంపే హక్కు రచయితకు ఎవరిచ్చారని గోర్కీ అడిగినట్టే.

తగ్గిన రెండు డాలర్లు

మేము ఈ వరుసలో అన్నిటికన్నా పైన పెట్టే కథ లాంగ్‌స్టన్ హ్యూస్ 'వన్ క్రిస్మస్ ఈవ్'. 1934 నాటి 'ది వేస్ ఆఫ్ వైట్ ఫోక్స్' సంపుటంలో ఉంది. ఆర్సీ నల్లజాతి పనిమనిషి. మర్నాటి పండుగ కోసం తెల్లవాళ్ల ఇల్లంతా శుభ్రం చేసి, అలసి, పొయ్యి దగ్గర రాత్రి వంట చేస్తూ కనిపిస్తుంది. ఆమెకు రావలసింది ఏడు డాలర్లు. యజమానురాలు ఈసారికి సర్దుకోమని అయిదు చేతిలో పెడుతుంది. తిట్టలేదు, కొట్టలేదు. మర్యాదగానే తగ్గించింది. ఆ అయిదులోనే కొడుకు జోకు ఏదో ఒక బొమ్మ కొనాలని ఆర్సీ బజారుకు పోతుంది.

తల్లి కొనుగోళ్లలో ఉండగా పిల్లవాడు తప్పిపోయి, తెల్లవాళ్లకు మాత్రమే అయిన సినిమాహాలు ముందు గదిలోకి వెళతాడు. అక్కడ శాంటాక్లాజ్ తెల్లపిల్లలకు కానుకలు పంచుతున్నాడు. జోను చూసి కానుక ఇవ్వకుండా పెద్ద గిలక తీసి ముఖం ముందు గలగలలాడించి భయపెడతాడు. చుట్టూ ఉన్న జనం నవ్వుతారు. పిల్లవాడు పరిగెత్తి తల్లిని చేరతాడు. అప్పుడు ఆర్సీ వాడికి చెప్పే మాటల సారం ఇది: వాడు శాంటాక్లాజూ కాదు పాడూ కాదు, వట్టి ముసలి తెల్లవాడు.

ఇంతకన్నా నిజమైన క్రిస్మస్ కథ మేము చదవలేదు. మామూలు పండుగ కథ చివర్లో కళ్లకు నీళ్లొస్తాయి. ఇక్కడ కళ్లు తెరుచుకుంటాయి. ఆర్సీ కొడుకును ఓదార్చడానికి అబద్ధమాడదు. వేషం కింద ఉన్నది ఎవరో చెబుతుంది. ఇంకో సంగతి: సినిమాహాల్లో జరిగిన అవమానమూ, వంటింట్లో తగ్గిన రెండు డాలర్లూ వేరువేరు విషయాలు కావు. ఒక ఇంటి పండుగ ఇంకో ఇంటి కూలి కోతతో నడిచింది. జాతి వివక్షా కులమూ ఒకటేనని మేమనడం లేదు. రెండు గ్లాసుల పద్ధతికీ తెల్లవాళ్ల సినిమాహాలుకీ చరిత్రలు వేరు. కానీ గుమ్మం దగ్గర ఆపబడ్డ పిల్లవాడికి తల్లి ఏం చెప్పాలి అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే.

మన వాడలో పశువుల కొట్టం

ఇక మన దగ్గరికొద్దాం. డిసెంబరు అంటే డెల్టా ఊళ్లలో కోతలూ కుప్పనూర్పుళ్లూ. కూలి చేతికొచ్చే కాలం, కూలి దగ్గర తగాదాలొచ్చే కాలం కూడా అదే. పాలేరు జీతం మాట్లాడుకునేటప్పుడు ఇన్ని బస్తాల వడ్లతోపాటు పంచె, కండువా, చెప్పులు ఒప్పందంలో భాగంగా ఉండేవి. పండుగకు ఆ పంచె చేతికిచ్చేటప్పుడు మాత్రం అది ఆసామి దయగా మారేది. ఒప్పందం కానుకగా మారే ఈ గారడీ మనకు డికెన్స్ నేర్పలేదు. ఇంటి ముందే జరిగింది.

అయినా మన చర్చి పత్రికల్లో, నాటికల్లో వచ్చే పండుగ కథలు చాలావరకు ఈ సంగతి ముట్టుకోవు. తాగుబోతు తండ్రి మారతాడు, ధనవంతుడి మనసు కరుగుతుంది, అనాథకు కొత్త బట్టలొస్తాయి. క్రీస్తు జననాన్ని మనవాళ్లు విన్న తీరు వేరు. తెలుగు బైబిల్లో మరియ యోసేపులకు చోటు దొరకనిది 'సత్రం'లో. ఈ మాట మన వాడ చెవికి ఎట్లా వినపడుతుందో ఆలోచించండి. కులాల పేరుతో కట్టిన సత్రాలు మన ఊళ్ల నిండా ఉన్నాయి. వాటిలో మనకు చోటెందుకు లేదో ఎవరూ వివరించనక్కర్లేదు. పశువుల తొట్టి కూడా అంతే. బొమ్మల్లో దానికి బంగారు కాంతి ఉంటుంది. ఏడేళ్ల వయసు నుంచి ఆసామి కొట్టంలో పేడ ఎత్తి, అక్కడే గడ్డి మీద పడుకున్న జీతగాడికి అది ప్రతీక కాదు, పడక. ఈ కథను ఆ జీతగాడి వైపు నుంచి చెప్పినప్పుడు వచ్చే బలం పరాయి మంచు బొమ్మల్లో ఎట్లా వస్తుంది?

పండుగ కథలు దాచిపెట్టే ఇంకో నిజం ఉంది. మన వాడ ఎప్పుడూ పుచ్చుకునేదే కాదు, ఇచ్చేది. వండేముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి గుడి కోసం పక్కన పెట్టిన ఆడవాళ్లు తెలుగునేలంతటా ఉన్నారు. కోతల పండుగకు కోడినో, గుమ్మడికాయనో, గుడ్లనో తెచ్చి కానుకగా పెడితే, వాటిని వేలం వేసి గుడి ఖర్చులు నడిపారు. మిషనరీల నివేదికల్లో దాతలు సముద్రాలకవతల ఉంటారు. పిడికెడు బియ్యం పెట్టిన మనిషి పేరు ఉండదు. కూలిలో కోత పడ్డాక మిగిలిన దానిలోంచి తీసిన పిడికెడు అది. దాని మీద కథ రాయడానికి కరగాల్సిన ధనవంతుడు అక్కర్లేదు.

రాజ్యం కూడా ఈ కథలో పాత్రే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇవాళ్టికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వాళ్లను బీసీ 'సి' గ్రూపులో పెట్టి ఒక శాతం ఇస్తున్నారు. ఊరి దృష్టిలో మాలా మాదిగలే, కాగితం మీద కాదు. ఇంటి మీద కాగితపు నక్షత్రం కట్టాలా వద్దా, పిల్లవాడికి బడిలో ఏ పేరు రాయించాలి అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులున్న చోట, పండుగ అంటే సంతోషమొక్కటే కాదు. ఆ తర్జనభర్జన మన కథల్లోకి ఎంత వచ్చిందో చూసుకోవాలి.

రెండు వైపుల అభ్యంతరాలు

ఉద్యమంలోని కొందరు మిత్రులు మతం మత్తుమందు గదా, ఈ కథల గొడవ మనకెందుకు అంటారు. మన జనం సగం ఏడాది ఎదురుచూసే పండుగను మత్తు అని కొట్టిపారేస్తే, ఆ జనంతో మాట్లాడే ఒక దారి మనమే మూసుకున్నట్టు. చర్చిలోని పెద్దలు ప్రేమ దగ్గర లెక్కలేమిటని నొచ్చుకుంటారు. లెక్క అడగడం ప్రేమకు వ్యతిరేకం కాదు. ఏడు ఇవ్వాల్సిన చోట అయిదిచ్చి నవ్వడమే ప్రేమకు వ్యతిరేకం. హరిజన సేవక సంఘం సేవను విమర్శిస్తూ అంబేద్కర్ 1945లో, అది దయతోనే మనల్ని చంపే పథకమన్న అర్థం వచ్చే మాటను అధ్యాయం శీర్షికగానే పెట్టారు. హక్కుల పోరాటాన్ని పక్కకు తప్పించే దయను ఆయన ఎంత అనుమానంగా చూశారో మనం మర్చిపోకూడదు.

వెచ్చదనం వద్దని మేమనడం లేదు. చలికాలంలో పేదవాడికి వెచ్చదనం విలాసం కాదు. క్రాచిట్ల ఇంటి భోజనంలో, డెల్లా జిమ్‌ల ఒకే గదిలో, పిడికెడు బియ్యంలో ఉన్న ప్రేమ నిజమైనది. అది పేదవాళ్లు ఒకళ్లకొకళ్లు కూడబెట్టుకున్నది. దాన్ని తీసుకుపోయి యజమాని మంచితనం ఖాతాలో జమ చెయ్యడం దగ్గరే మా పేచీ.

ఉపాధ్యాయులకు, పఠన కేంద్రాలు నడిపే విద్యార్థులకు ఒక సూచన. ఈ కథలు పాఠంగా చెప్పేటప్పుడు నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయండి. కానుక ఇచ్చినవాడి డబ్బు ఎవరి కష్టంలోంచి వచ్చింది? కథలో కోపం వచ్చిన మనిషి ఎవరు, ఆ నోరు ఎవరు మూయించారు? గుమ్మం బయట ఆగిపోయింది ఎవరు? పండుగ మర్నాడు కూలి ఎంత? ఈ నాలుగూ అడిగితే పిల్లలు కథను ద్వేషించరు. మిసెస్ క్రాచిట్‌నూ ఆర్సీనీ గుర్తుపడతారు, వాళ్లలో తమ అమ్మల్ని చూస్తారు.

రాసేవాళ్లకు చెప్పేది ఇంకొకటి. వచ్చే డిసెంబరుకు కొత్త దయామయుల్ని కల్పించకండి. వాడల్లో పెద్దవాళ్లున్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ ఏడాది పండుగకు ఏ ఆసామి కూలి ఆపాడు, ఎవరు పోయి అడిగారు, నక్షత్రం కాగితానికి డబ్బులెట్లా పోగేశారు, పందిరికి వాసాలు ఎవరిచ్చారు, ఎవరు ఇవ్వనన్నారు అని అడిగి రాసుకురండి. అంకెలు వదలకుండా రాయండి. మన క్రిస్మస్ కథలు ఆ నోటుపుస్తకాల్లో మొదలవుతాయి.